మేస్త్రిగారిని ఏమీ అడగొద్దు

మేస్త్రిగారికి అబద్ధం చెప్పడం రాదు. చెప్పకూడదని నియమం పెట్టుకున్న మనిషి కాదు. అలాంటివాళ్ళు అవసరం పడితే నియమాన్ని కాసేపు పక్కన పెట్టగలరు. కొందరికి ఈత రానట్టు, కొందరికి ఈల వేయడం రానట్టు, ఆయనకు ఇది చేతకాదు, అంతే. చిన్నప్పుడు ఎవరూ నేర్పలేదో, నేర్పినా ఒంటబట్టలేదో, డెబ్బై ఏళ్ళు ఆ విద్య లేకుండానే నెట్టుకొచ్చారు.

ఆయనలో ఒక మంచి గుణం ఏమిటంటే, తనంతట తాను ఎవరికీ ఏమీ చెప్పరు. అడగనంతకాలం అంత నెమ్మదైన మనిషి ఆ వీధిలో ఇంకొకరు ఉండరు. అడిగారా, అడిగినవాళ్ళ ఖర్మ. ఇళ్ళు కట్టే రోజుల్లో ఒక పెద్దమనిషి కొత్త ఇంట్లో విందు చేసి, నలుగురూ వింటుండగా, ఈ ఇల్లు ఎన్నేళ్ళుంటుందో మా మేస్త్రి నోటితోనే వినండి అన్నాడు. "గోడలు నూరేళ్ళు, కప్పు పన్నెండేళ్ళు. కప్పు దగ్గరికొచ్చేసరికి మీరు సిమెంటు తగ్గించమన్నారు," అని చెప్పి మేస్త్రిగారు మళ్ళీ భోజనంలో పడ్డారు. విందులో ఇక ఎవరికీ ముద్ద దిగలేదు. అందరూ కప్పు కేసి చూస్తూ గోడల వారకు జరిగి కూర్చున్నారు.

సొంత కొడుకుకైనా మినహాయింపు లేదు. ఒకసారి అతను జ్వరమని ఆఫీసుకు సెలవు పెట్టాడు. మేనేజరు ఫోను చేసి ఎలా ఉందండీ మీ అబ్బాయికి అని పరామర్శించాడు. బాగానే ఉందండీ, మేడ మీద గాలిపటం ఎగరేస్తున్నాడు, పిలవమంటారా అన్నారు మేస్త్రిగారు. ఆ ఏడాది కొడుక్కి రావలసిన ప్రమోషను ఆ గాలిపటంతో పాటే తెగిపోయింది.

కోడలు స్కూల్లో లెక్కల టీచరు. కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే ఆమెకు సంగతి తెలిసొచ్చింది. ఎంతో శ్రద్ధగా కూర వండి, కొసరి వడ్డించి, ఎలా ఉంది మామయ్యగారూ అని అడిగింది. ఆయన నమిలి, ఆలోచించి, ఉప్పు ఎక్కువైంది, కారం తగ్గింది, ముక్క ఉడకలేదు, మంచినీళ్ళు మాత్రం చల్లగా ఉన్నాయి అన్నారు. ఆ తర్వాత అదే కూర రెండోసారి వేయించుకుని గిన్నె ఖాళీ చేశారు గాని, కళ్ళ నిండా నీళ్ళతో వంటింట్లోకి పోయిన కోడలు అది చూడలేదు. ఆ రాత్రే భర్త ఆమెకు ఇంటి మూల సూత్రం బోధించాడు: నాన్నని ఏమీ అడగకు.

లెక్కల మనిషి కాబట్టి సూత్రం త్వరగా పట్టుబడింది. ఆరేళ్ళలో ఆమె మామగారిని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. 'తింటారా' అనదు, 'వడ్డించాను' అంటుంది. 'ఈ చీర బాగుందా' అనదు, 'చీర కొన్నాను' అని చెప్పి ఆయన నోరు తెరిచేలోగా గది దాటుతుంది. ఇలా ఆ ఇంట్లో శాంతి వర్ధిల్లుతుండగా, పక్కింటి కుక్క మీదికి చట్టం వచ్చిపడింది.

పక్కింట్లో ఉండేది లైబ్రేరియనమ్మ. ముప్ఫై ఏళ్ళుగా ఊరి లైబ్రరీలో పనిచేసి ఆవిడ గొంతు గుసగుసకు అలవాటు పడిపోయింది. ఇంట్లోనూ గుసగుసే, బజారులోనూ గుసగుసే. పాత పుస్తకాలు దానం చేసేవాళ్ళు అట్టపెట్టెలు లైబ్రరీ మెట్ల మీద వదిలి పోతుంటారు. అయిదేళ్ళ కిందట అలాంటి పెట్టె ఒకటి తెరిస్తే అందులో పుస్తకాలకు బదులు గుప్పెడంత కుక్కపిల్ల ఉంది. ఆవిడ దాన్ని ఇంటికి తెచ్చి బుజ్జి అని పేరు పెట్టుకుంది. ఇంట్లో ఆవిడ మాటాపలుకూ వినే ప్రాణి అదొక్కటే.

పేరు బుజ్జే గాని ఆకారం బుజ్జిగా ఆగలేదు. ఏడాది తిరిగేసరికి తల బిందెంత, మెడ స్తంభమంత అయింది. మొరిగే కుక్క కరవదంటారు. బుజ్జి అసలు మొరగదు. యజమానురాలి గుసగుసలు విని పెరిగిందేమో, ఎప్పుడైనా గొంతు సవరించుకున్నట్టు చిన్నగా ఒక శబ్దం చేసి ఊరుకుంటుంది. దానితో వీధివాళ్ళ భయం ఎటూ తేలకుండా ఉండిపోయింది.

కొత్త చట్టం ప్రకారం కొన్ని జాతుల కుక్కలను ఇళ్ళలో పెంచకూడదు. వాటి పోలికలుండి, ఏ జాతో తేలని కుక్కలకు మాత్రం ఒక సన్నని దారి వదిలారు. నాలుగు నెలల్లో ఇంటి ప్రహరీ ఆరడుగులకు పెంచాలి. అది ఎవరినీ కరవలేదని పొరుగువారు మున్సిపల్ ఇన్‌స్పెక్టరు ముందు చెప్పాలి. రెండింట్లో ఏది తప్పినా కుక్కను బండెక్కించి తీసుకుపోతారు, మళ్ళీ ఇవ్వరు. బుజ్జిది ఏ జాతని పశువుల డాక్టరును అడిగితే ఆయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, దీన్ని కన్న తల్లికే తెలియాలి అన్నాడు.

ఆ ప్రకటన కాగితం లైబ్రరీ బోర్డుకు అంటించాల్సింది లైబ్రేరియనమ్మే. నాలుగు మూలలా నాలుగు గుండుసూదులు గుచ్చి, వంకర లేకుండా సరిచేసి, అప్పుడు చదివింది. చదివి, సెలవు కూడా పెట్టకుండా ఇంటికి వచ్చేసింది. ఆ కంగారులో ఆ వీధిలో ఎవరూ చేయని పొరపాటు చేసింది. వీధిలో నిలబడ్డ మేస్త్రిగారిని, ఈ గోడ చాలుతుందా అండీ అని అడిగింది.

మిగతా మూడు వైపులా పొరుగిళ్ళ ఎత్తు గోడలే. వీధి వైపు గోడే తక్కువ. దాని నిండా ఒక తీగ అల్లుకుని ఉంటుంది. మేస్త్రిగారు టేపు పెట్టలేదు, కంటితోనే కొలిచారు.

"చాలదు. నాలుగున్నర అడుగులుంది. వాళ్ళొచ్చి కొలిస్తే కుక్కను తీసుకుపోతారు."

లైబ్రేరియనమ్మ అక్కడే గేటు పట్టుకుని కాసేపు ఏడ్చి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ రోజు నుంచి మేస్త్రిగారితో పలకడం మానేసింది. నిజమాడితే నిష్ఠూరమని ఊరికే అన్నారా.

కోడలికి ఒళ్ళు మండింది. ప్రశ్న పడకుండా జాగ్రత్తగా వాక్యం పేర్చుకుని, ఏదో ఒకటి చూద్దాంలెండి అని ఒక్క మాట అనాల్సింది మామయ్యగారూ అంది. ఏం చూద్దాం అని అడిగారు ఆయన. ఏమీ చూడక్కర్లేదు, ఊరికే అనడానికే అంది. ఊరికే ఎలా అంటారమ్మా అని ఆయన నిజంగానే తెలుసుకోగోరి అడిగేసరికి, బండరాయికి చెప్పినట్టుందని ఆమె లేచి వెళ్ళిపోయింది.

గోడ పెంచుకోవడానికి మనిషి దొరకాలి కదా. కుక్కలున్న ఇళ్ళవాళ్ళంతా ఒక్కసారే తాపీపనివాళ్ళ మీద పడ్డారు. ఎవరిని కదిపినా ఆరు నెలల తర్వాతే అన్నారు. మేస్త్రిగారున్నారు గాని, రెండేళ్ళ కిందట పరంజా మీంచి పడి మోకాలు విరగ్గొట్టుకున్నాక, ఇక ఎవరి దగ్గరా పని ఒప్పుకోనని కొడుక్కి మాటిచ్చారు. ఆయన మాటంటే రాతి మీద గీతని అందరికీ తెలుసు. పైగా పలకడం మానేసిన మనిషిని పనికి ఎలా పిలుస్తారు? లైబ్రేరియనమ్మ ఇంకాస్త గడువు ఇమ్మని దరఖాస్తు రాసి దగ్గర పెట్టుకుంది. బుజ్జికి రోజూ ఒక రొట్టెముక్క ఎక్కువ పెట్టడం మొదలుపెట్టింది. అది, కుక్కను తీసుకుపోయే రోజులు లెక్కపెట్టుకుంటూ పెడుతున్న ముక్క అని కోడలికి తెలుసు.

ఇంతలో లైబ్రేరియనమ్మకు ఇంకో బెంగ పట్టుకుంది.

సాయంత్రం లైబ్రరీ నుంచి వచ్చాక వరండాలో కుర్చీ వేసుకుని, గోడ మీంచి వీధి చూస్తూ టీ తాగడం ఆవిడకున్న ఒకే ఒక్క వినోదం. దారిన పోయేవాళ్ళు మెడ దాకా కనిపించేవాళ్ళు. ఒకరోజు గడ్డం దాకానే కనిపించారు. రెండు వారాల తర్వాత ముక్కు దాకా. ఆవిడ కుర్చీలో దిండు వేసుకుంది. నెల తిరిగేసరికి పోస్ట్‌మ్యాన్ టోపీ ఒక్కటే గాల్లో తేలుతూ పోయింది. దిండు మీద ఇంకో దిండు వేసింది. ఆ పైన, లైబ్రరీలో ఎవరూ ఇంటికి తీసుకెళ్ళని లావుపాటి నిఘంటువు తెచ్చి వేసింది.

వయసు మీద పడితే ఎముకలు కుంగుతాయని ఏదో పుస్తకంలో చదివిందట. "నేను పొట్టినైపోతున్నానమ్మా," అని కోడలి చెవిలో గుసగుసగా చెప్పుకుంది. కాల్షియం మాత్రలు మింగుతోంది, పాలు తాగుతోంది, తలుపు గెడ పట్టుకుని వేలాడుతోంది. ఎత్తు కొలిపించుకోండి పిన్నిగారూ అని కోడలు సలహా ఇస్తే, నిజం తెలిసిపోతుందని భయంగా ఉంది అంది. రెండిళ్ళ మధ్య గోడకు ఇటుపక్క నిజం తప్ప ఇంకోటి తెలియని మనిషి, అటుపక్క నిజమంటే హడలిపోయే మనిషి. దేవుడు ఇద్దరికీ ఇళ్ళు బాగానే కుదిర్చాడు.

ఇటుపక్క ఇంట్లోనూ విడ్డూరాలు లేకపోలేదు. మేస్త్రిగారు ఒక వారం పాటు నిలబడే భోంచేశారు. కంచం అలమరా మీద పెట్టుకుని, గోడ కేసి చూస్తూ. మోకాలు నొప్పేమో అనుకుంది కోడలు. "మోకాలి నొప్పి అనుకుంటున్నాను," అంది, ప్రశ్న కాకుండా. "మోకాలు కాదు," అన్నారు ఆయన. అక్కడ ఇంకో మాట అడిగి ఉంటే కథ ఆ పూటే తేలిపోయేది. కాని ఆరేళ్ళ అలవాటు. ఆయన చొక్కా మీద సిమెంటు మరకలు కనిపించినా ఆమె నోరు మెదపకుండా ఉతికి ఆరేసింది.

గడువుకు పది రోజులుందనగా లైబ్రేరియనమ్మ ఇక తట్టుకోలేకపోయింది. మౌనవ్రతం పక్కన పెట్టి, గేటు దగ్గర మేస్త్రిగారిని ఆపి, కోడలు వద్దు వద్దని సైగ చేస్తున్నా వినకుండా అడిగేసింది.

"నిజం చెప్పండి మేస్త్రిగారూ. ఈ నాలుగు నెలల్లో నేను పొట్టినయ్యానా?"

ఆయన ఆవిడను తలా కాళ్ళూ చూశారు.

"లేదు."

ఒక్క మాటే. లైబ్రేరియనమ్మ ముఖం విప్పారింది. కోడలు మాత్రం నివ్వెరపోయింది. దిండ్లూ, నిఘంటువూ, మాత్రలూ అన్నీ ఆమె కళ్ళారా చూసిందే. అంటే మామగారు అబద్ధం చెప్పారు. ఒక ఆడకూతురి మనసు కష్టపెట్టకూడదని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. ఆ రాత్రి భర్తకు చెబితే అతను, డెబ్బై ఏళ్ళకు మా నాన్న దారిలో పడ్డాడు అని కళ్ళు తుడుచుకున్నాడు.

గడువు ముగిసే వారంలో, ఒక సెలవు రోజు ఉదయం ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఊరి నిండా కుక్కలుండటంతో ఆయనకు సెలవులు లేవు. ఫైలును డాలులా రొమ్ముకు అడ్డం పెట్టుకుని గేటు దాటాడు. బుజ్జి లేచి, గొంతు సవరించుకుని, మళ్ళీ పడుకుంది. పగలంతా ఇంట్లో ఉండే పొరుగువారే సాక్ష్యం చెప్పాలన్నాడు. పగలు ఉండేది మేస్త్రిగారే కాబట్టి ఆయనను పిలిచారు. వెనకే కోడలూ వచ్చింది.

లైబ్రేరియనమ్మ గడువు దరఖాస్తు తీసి చేత్తో పట్టుకుని, గోడ గురించి ఒక మనవి అని మొదలుపెట్టింది. ఆవిడ గుసగుస ఆయనకు వినపడలేదు. నేరుగా వెళ్ళి టేపు పెట్టి, ఆరడుగుల ఒక అంగుళం, సరిపోయింది అని రాసుకున్నాడు. ఆవిడ టేపు కేసి చూసింది, గోడ కేసి చూసింది, వరండాలో దిండ్లు పేర్చిన కుర్చీ కేసి చూసింది. ఆవిడ ఇంకా చూస్తుండగానే ఇన్‌స్పెక్టరు రెండో ప్రశ్నకు వచ్చాడు.

"ఈ కుక్క ఇంతవరకూ ఎవరినైనా కరిచిందా?"

కోడలు నిశ్చింతగా ఉంది. బుజ్జి ఎవరినీ కరవలేదు. ఒకవేళ కరిచినా మామగారు ఇప్పుడు లోకం తెలిసిన మనిషి.

"కరిచింది," అన్నారు మేస్త్రిగారు.

"ఎవరిని?"

"నన్ను. మూడున్నర నెలల కిందట. మంగళవారం, మధ్యాహ్నం రెండున్నరకు. ఆసుపత్రి చీటీ ఉంది."

అంత చాలన్నాడు ఇన్‌స్పెక్టరు. ఫైలులో ఎర్ర కాగితం ఒకటి తీసి రాయడం మొదలుపెట్టాడు. బండి సాయంత్రం వస్తుంది, మెడపట్టీ సిద్ధంగా ఉంచండి అన్నాడు. లైబ్రేరియనమ్మ మెట్టు మీద కూలబడి బుజ్జి మెడ చుట్టూ చేతులు వేసింది. అది ఆవిడ చెవి నాకుతోంది.

కోడలు మామగారిని చూసింది. ఆయన ముఖం పాలిపోయింది, పెదవులు కదులుతున్నాయి, మాట మాత్రం రావడం లేదు. అప్పుడు ఆమెకు అర్థమైంది. ఆ మనిషి లోపల ఇంకేదో ఉంది. కాని అడిగితే తప్ప చెప్పడం ఆయనకు తెలియదు. అడగకుండా ఉండటం ఈ ఆరేళ్ళూ తామే ఆయనకు అలవాటు చేశారు. ఎర్ర కాగితం మీద కలం సగం దాకా వచ్చింది.

"మామయ్యగారూ, అది మిమ్మల్ని ఎందుకు కరిచింది?"

ఆయన గట్టిగా ఊపిరి వదిలారు.

"గోడ మీద కూర్చున్నానమ్మా."

"గోడ మీద ఎందుకు కూర్చున్నారు?"

"గోడ పెంచుతున్నాను."

కలం ఆగింది. ఇక కోడలు ఆగలేదు, ఆరేళ్ళ బాకీ అంతా ఒక్కసారే తీర్చుకున్నట్టు అడుగుతూనే పోయింది. ఆయన ఒక్కొక్కదానికి జవాబు చెప్పారు. ఇటుకలు తమ పెరట్లో ఎప్పటినుంచో పడి ఉన్నవే. మొత్తం ఆరు వరసలు. అందరూ పనులకు పోయాక మధ్యాహ్నం పూట పాచిపట్టిన పై వరస తీసి, కింద కొత్త వరస పేర్చి, పాత వరస మళ్ళీ పైన పెట్టి, తీగను ఎప్పటిలా కప్పేవారు. వీధివాళ్ళు చూశారు గాని, ఊళ్ళో ప్రతి గోడా పెరుగుతుంటే ఈ గోడ ఎందుకు పెరుగుతోందని అడిగినవాళ్ళు లేరు. పని ఒప్పుకోనని మాటిచ్చారుగా అంటే, ఒప్పుకోలేదమ్మా, నన్నెవరూ పిలవలేదుగా అన్నారు.

లైబ్రేరియనమ్మ తల ఎత్తింది. "అయితే నేను పొట్టిని కాలేదన్నమాట."

"ఆ రోజే చెప్పాను కదమ్మా," అన్నారు మేస్త్రిగారు. తండ్రి దారిలో పడ్డాడని కళ్ళు తుడుచుకున్న భర్తకు ఈ కబురు ఎలా చెప్పాలో కోడలికి తోచలేదు.

ఇన్‌స్పెక్టరు కలం పక్కన పెట్టి చట్టం పుస్తకం తీశాడు. అనుమతి లేకుండా ఆవరణలోకి చొరబడ్డవాడిని కరిస్తే అది కుక్క తప్పు కాదని అందులో ఉంది. అయితే గోడ మీద కూర్చున్న మనిషి ఆవరణ లోపల ఉన్నట్టా, బయట ఉన్నట్టా? పుస్తకంలో అది లేదు. ఆయన పేజీలు ముందుకూ వెనక్కూ తిప్పి, ఎటు తిరిగి కూర్చున్నారని మేస్త్రిగారినే అడిగాడు.

"మొహం వీధి వైపు ఉంది. కరిచిన చోటు లోపలి వైపు ఉంది," అన్నారు మేస్త్రిగారు.

"అది కచ్చితమేనా?"

"చూపించమంటారా?"

ఇన్‌స్పెక్టరు రెండు చేతులూ అడ్డం పెట్టి, అక్కర్లేదు, మీ మాట చాలు అన్నాడు. మరి ఆ తర్వాత మళ్ళీ కరవలేదా అని అడిగాడు. మర్నాటి నుంచి నేను లోపలి వైపు తిరిగి కూర్చున్నానండీ, మొహమూ మొహమూ చూసుకుంటే కుక్కయినా మొహమాటపడుతుంది అన్నారు మేస్త్రిగారు. చొరబడ్డందుకు ఇంటావిడ ఫిర్యాదు చేస్తే మీ మీద కేసవుతుంది సుమా అన్నాడు ఇన్‌స్పెక్టరు. రాసుకోండి, ఇరవై మూడుసార్లు ఎక్కాను అన్నారు ఈయన.

ఫిర్యాదు ఉందా అని ఇన్‌స్పెక్టరు లైబ్రేరియనమ్మను అడిగాడు. లేదని ఆవిడ గుసగుసలాడింది. వినపడలేదన్నాడు. "లేదు," అందావిడ. అది వీధి చివరి దాకా వినిపించింది. బుజ్జి అదిరిపడి లేచింది.

చివరి గడి ఒకటి మిగిలింది. ఈ కుక్క వల్ల ఇరుగుపొరుగులకు ప్రమాదం ఉందా? ఇన్‌స్పెక్టరు మేస్త్రిగారి కళ్ళలోకి సూటిగా చూసి అడిగాడు.

"లేదు. కరిచింది కాబట్టే చెబుతున్నాను. పట్టుకుంది, నేనని తెలిసింది, వదిలేసింది. ఆ నోటికి నన్ను ఉంచుకోవాలనుంటే ఉంచుకునేదే."

నాలుగు నెలలుగా ఇన్‌స్పెక్టరు ఇంటింటా ఒకటే మాట విని ఉన్నాడు: మా కుక్క చీమకైనా హాని చేయదండీ. కరిపించుకున్నవాడు వచ్చి పూచీ పడటం ఇదే మొదలు. ఆయన ఎర్ర కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఆకుపచ్చ కాగితం మీద సంతకం చేసి, లైబ్రేరియనమ్మ చేతికిచ్చాడు. పోతూ పోతూ బుజ్జి తల తాకబోయి, మళ్ళీ ఎందుకులే అనుకుని ఫైలు సర్దుకున్నాడు.

గేటు మూసుకున్నాక ముగ్గురూ వరండాలో మిగిలారు. లైబ్రేరియనమ్మ ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదివింది. మేస్త్రిగారి కేసి చూసింది. ఇన్నాళ్ళూ ఈయన ఇంటి ముందు తల తిప్పుకుని పోయినందుకు ఆవిడకు సిగ్గేసింది.

"ఒక్కటడుగుతాను. నేను మిమ్మల్ని పలకరించడం కూడా మానేశాను. కుక్క కరిచింది. మోకాలు బాగాలేదు. అయినా ఎందుకు కట్టారండీ?"

మేస్త్రిగారు మొదటిసారి జవాబుకు తడుముకున్నారు. చెవులు ఎర్రబడ్డాయి. కోడలు ఆయనను అలా ఎన్నడూ చూడలేదు.

"ఆ రోజు నా మాటకు మీరు ఏడ్చారు," అన్నారు చివరికి. "మాట మార్చడం నాకు రాదమ్మా. గోడ మార్చడం వచ్చు."

లైబ్రేరియనమ్మ నవ్వింది. కోడలూ నవ్వింది. నవ్వాల్సిన మాట ఏమన్నానా అని మేస్త్రిగారు ఆవిడనూ ఈవిడనూ చూశారు గాని, ఎవరినీ ఏమీ అడగలేదు.